నా కళ్ళతో నేను చూశానయ్యగారూ



ఈ వారం రాస్తున్నది మాకు కష్టమైన సంగతి. ఇది మా తప్పు గురించి. ఆ కుటుంబం రాయమని సెలవిచ్చింది గనుక రాస్తున్నాం. పేర్లు రాయడం లేదు. చదివేవారిలో మా ఊరివారు ఉంటే, తెలిసిన పేర్లు దయచేసి మీ మనసులోనే ఉంచుకోండి.

తొమ్మిదేళ్ళ కిందట మా సంఘంలో కోతపండుగ జరిగింది. మన పల్లె సంఘాల్లో కోతపండుగ ఎలా ఉంటుందో మీకు తెలుసు. ధాన్యం బస్తాలు, కోడిపుంజులు, గుమ్మడికాయలు, అరటి గెలలు మందిరంలోకి వస్తాయి. ఆరాధన అయ్యాక వేలంపాట. ఆ రోజు ఒక్క కోడిపుంజు మీదే ముగ్గురు పంతానికి పోయి పాట పెంచారు. అందరం నవ్వుకున్నాం, దేవుణ్ణి స్తుతించాం. లెక్క చూస్తే 38 వేల రూపాయలు వచ్చింది. మందిరం పైకప్పు రేకులు మార్చాలని రెండేళ్ళుగా ఎదురుచూస్తున్నాం. డబ్బు రేకు పెట్టెలో పెట్టి, ప్రసంగ వేదిక వెనుక గదిలో ఉంచి తాళం వేశాం. తెల్లారేసరికి తాళం పగిలి ఉంది. పెట్టె లేదు.

మందిరం ఎదురింటి సహోదరి ఆ రాత్రి బర్రె గుంజ పీక్కుందని బయటికి వచ్చిందట. వీధి మలుపులో స్తంభానికి ఒక్క పసుప్పచ్చ లైటు ఉంది. మందిరం గోడ దూకి ఎవరో పరుగెత్తడం చూసింది. నలభై అడుగుల దూరం ఉంటుంది. పొద్దున్నే ఆమె మా ఇంటికి వచ్చి మా అమ్మగారితో, అంటే మా ఇంటి ఆవిడతో, మొదట చెప్పిన మాట ఇది: "ఎవరో కుర్రాడమ్మా. ఎర్ర చొక్కాలా ఉంది. మొహం సరిగా తెలియలేదు."

ఈ మాట గుర్తుపెట్టుకోండి. మేము గుర్తుపెట్టుకోలేదు.

గంటలో సంఘ పెద్దలు వచ్చారు. ఆమెను కూర్చోబెట్టాం. పెద్దల్లో ఒకరు అడిగారు, "ఫలానా వాళ్ళ అబ్బాయిలా లేడూ?" వెంటనే మేము కూడా ఒక మాట కలిపాం, "వాడు నిన్న పండుగకి ఎర్ర చొక్కాలోనే వచ్చాడు కదా." ఆమె కాసేపు ఆలోచించి, "అట్టాగే ఉన్నాడయ్యగారూ, ఆ నడుమూ ఆ ఎత్తూ" అంది. మూడు రోజులకు "అట్టాగే ఉన్నాడు" పోయి "వాడే" అయింది. ఆదివారం ఆరాధన తర్వాత కమిటీ కూర్చునేసరికి, "లైటు కిందికి రాగానే ఇటు తిరిగి నా వంక చూశాడు. నా కళ్ళతో నేను చూశానయ్యగారూ" అని కన్నీళ్ళు పెట్టుకుంది.

ఆ రాత్రి మా అమ్మగారు ఒక మాట అన్నారు. "మొదటి రోజు మొహం తెలియలేదంది కదండీ." మేము కసిరాం. ఆమె ప్రార్థనాపరురాలు, శుక్రవారం ఉపవాస కూటానికి ఏనాడూ మానని మనిషి, అబద్ధమాడదు అన్నాం.

నిజమే. ఆమె అబద్ధమాడలేదు. మేము చేసిన తప్పు అక్కడే ఉంది. ఆమె అబద్ధమాడుతోందా లేదా అని మాత్రమే చూశాం. అబద్ధమాడని మనిషి పొరబడవచ్చునని మాకు తోచలేదు.

ఆ అబ్బాయికి అప్పుడు పంతొమ్మిదేళ్ళు. పదో తరగతి తప్పాడు, ట్రాక్టరు మీద కూలికి వెళ్ళేవాడు. ఒకసారి తాగి పండుగలో గొడవ చేశాడు. అందుకే పెద్దల నోట మొదట వచ్చిన పేరు అతనిది. ఆ రాత్రి పక్క ఊళ్ళో పిన్నమ్మ ఇంట్లో పడుకున్నానని చెప్పాడు. తల్లి కూడా అదే చెప్పింది. "తల్లి కాకపోతే ఎవరు చెబుతారు?" అన్నాం. పిన్నమ్మను పిలిచి అడగను కూడా అడగలేదు. పక్క ఊరు రెండు మైళ్ళే.

కమిటీలో అయిదుగురు పెద్దలు, మేము కలిపి ఆరుగురం. అందరికన్నా పెద్దాయన ఒక్కసారి నోరు తెరిచారు. "చీకట్లో నా మనవణ్ణి చూసి నా కొడుకనుకుంటానయ్యా నేను" అన్నారు. ఎవరమూ జవాబివ్వలేదు. చేతులెత్తమన్నాం. అయిదు చేతులు లేచాయి. పెద్దాయన అటూ ఇటూ చూశారు. తర్వాత ఆయన చెయ్యి కూడా లేచింది. మినిట్స్ పుస్తకంలో మా చేత్తోనే "ఏకగ్రీవంగా" అని రాశాం. అతన్ని ప్రభువు బల్ల నుండి నిలిపివేశాం. సంఘం పరువని పోలీసుల దాకా వెళ్ళలేదు. అదేదో దయ చూపించినట్టు అనుకున్నాం. నెల తిరక్కుండా అతను హైదరాబాదుకు సెంట్రింగ్ పనికి వెళ్ళిపోయాడు. తల్లి మాత్రం ప్రతి ఆదివారం వచ్చి వెనుక చాప మీద కూర్చునేది.

పద్నాలుగు నెలల తర్వాత మా సంఘంలోనే మరొకరు, ఒక పెద్ద దగ్గరి బంధువు, జబ్బుపడి ఉండగా ప్రార్థనకు పిలిపించుకుని ఒప్పుకున్నారు. పెట్టె తీసింది ఆయనే. ఆ రాత్రి ఆయన వేసుకున్నది ఎర్ర చొక్కా కాదు, ముదురు గోధుమరంగు స్వెట్టరు. ఆ పసుప్పచ్చ లైటు కింద రంగు ఎవరు చెప్పగలరు?

ఆ సహోదరికి ఈ సంగతి చెప్పినప్పుడు ఆమె గోడకు చేరగిలబడిపోయింది. "నేను అబద్ధం చెప్పానా అయ్యగారూ? ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఆ బిడ్డ మొహమే కనబడుతోందే!" మా దగ్గర జవాబు లేదు. బైబిలు కళాశాలలో మాకు హెబ్రీ అక్షరాలు నేర్పారు, ప్రసంగం మూడు భాగాలుగా విడదీయడం నేర్పారు. కళ్ళు మూసుకుంటే కనబడే మొహం కూడా అబద్ధం కావచ్చునని నేర్పలేదు.

మా సంఘపు అమ్మాయి ఒకతె అప్పుడు న్యాయశాస్త్రం చదువుతోంది. సెలవులకు వచ్చినప్పుడు మా మాటలు విని, "అయ్యగారూ, అచ్చం ఇలాంటిదే అమెరికాలో జరిగింది" అని ఒక పుస్తకం తెచ్చింది. "పికింగ్ కాటన్" దాని పేరు. మా ఇంగ్లీషు అంతంతమాత్రం కనుక నాలుగు సాయంకాలాలు తనే చదివి వివరించింది.

1984 జులైలో ఉత్తర కెరొలైనా రాష్ట్రంలోని బర్లింగ్టన్ పట్టణంలో జెనిఫర్ థాంప్సన్ అనే 22 ఏళ్ళ కాలేజీ విద్యార్థిని ఇంట్లోకి రాత్రివేళ ఒకడు చొరబడి అత్యాచారం చేశాడు. ఆమె ధైర్యం చూడండి. ఆ సమయంలోనే, బతికి బయటపడితే వీణ్ణి పట్టివ్వాలని, వాడి మొహాన్ని పట్టిపట్టి చూసి గుర్తుంచుకుంది. పోలీసులు ఆరు ఫోటోలు ముందుంచారు. ఆమె చాలాసేపు చూసి రోనాల్డ్ కాటన్ అనే యువకుడి ఫోటో తీసింది. బాగా చేశారన్నట్టుగా పోలీసులు మాట్లాడారు. తర్వాత మనుషులను వరుసగా నిలబెట్టి చూపించారు. ఇద్దరి మధ్య తటపటాయించి చివరికి కాటన్‌నే చూపించింది. ఫోటోలో గుర్తించిందీ అతన్నేనని అప్పుడు చెప్పారు. అంతటితో ఆమె మనసులో సందేహం పోయింది. కోర్టుకు వెళ్ళేసరికి పూర్తి నిశ్చయం. 1985 జనవరిలో జ్యూరీ అతన్ని దోషి అంది.

ఒక చిన్న సంగతి గమనించండి. ఫోటోల్లో ఉన్నవారిలో రెండోసారి వరుసలో నిలబడ్డవాడు కాటన్ ఒక్కడే. ఆమె గుర్తుపట్టింది ఆ రాత్రి చూసిన మొహాన్నా, ఫోటోలో చూసిన మొహాన్నా? ఆమెకే తెలియదు. ఎవరికైనా తెలియదు.

అదే రాత్రి మరో స్త్రీ మీద కూడా దాడి జరిగింది. ఆమె వరుసలో వేరే మనిషిని చూపించింది. ఆ మాట మొదటి జ్యూరీ చెవిన పడనివ్వలేదు. అందుకే పై కోర్టు ఆ తీర్పును కొట్టేసి మళ్ళీ విచారించమంది. ఈలోగా జైల్లో కాటన్‌కు బాబీ పూల్ అనే ఖైదీ కనిపించాడు. ఇద్దరికీ ఎంత పోలిక అంటే ఒకరిని చూసి ఇంకొకరనుకునేవారు. ఆ నేరాలు తానే చేశానని పూల్ తోటి ఖైదీతో చెప్పినట్టు కాటన్ విన్నాడు. 1987లో రెండో విచారణకు పూల్‌ను కోర్టుకు తెచ్చారు, జెనిఫర్ ఎదుట నిలబెట్టారు. ఆమె చూసి, ఇతన్ని నేనెన్నడూ చూడలేదంది. మొదట వేరే మనిషిని చూపించిన రెండో స్త్రీ కూడా ఈసారి కాటన్‌నే చూపించింది. పూల్ సంగతి జ్యూరీకి చెప్పనివ్వలేదు. కాటన్‌కు యావజ్జీవం, దానిపైన 54 ఏళ్ళు శిక్ష పడింది.

1995లో డీఎన్‌ఏ పరీక్ష చేశారు. నేరం చేసినవాడు బాబీ పూల్. కాటన్ పదిన్నర ఏళ్ళు జైల్లో ఉండి జూన్ 30న బయటికి వచ్చాడు. ఆమె తనపై దాడి చేసినవాణ్ణి ఎదురుగా చూసి గుర్తుపట్టలేకపోయింది. నిజం బయటపడ్డాక కూడా ఆమె కలల్లోకి వచ్చింది కాటన్ మొహమే.

ఆ అమ్మాయి ఇక్కడిదాకా చదివినప్పుడు మేము ఆపమన్నాం. మా ఎదురింటి సహోదరి మాటలు గుర్తొచ్చాయి.

ప్రియులారా, మనసు ఎందుకిలా చేస్తుంది? జ్ఞాపకం పెట్టెలో దాచిన ఫోటో లాంటిది కాదు. కావలసినప్పుడల్లా మళ్ళీ వండుకునే కూర లాంటిది. వండేటప్పుడు పక్కనున్నవారు ఏ దినుసు అందిస్తే అదీ అందులో పడుతుంది. తిన్నాక ఏది మన ఇంటిదో ఏది పొరుగింటిదో నాలుక చెప్పలేదు.

ఎలిజబెత్ లాఫ్టస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1974లో తోటి పరిశోధకుడితో కలిసి ఒక పరీక్ష చేశారు. విద్యార్థులకు కార్ల ప్రమాదం సినిమా చూపించారు. ఒక యాభైమందిని కార్లు గుద్దుకున్నప్పుడు ఎంత వేగంతో ఉన్నాయని అడిగారు. ఇంకో యాభైమందిని అవి నుజ్జయ్యేలా ఢీకొన్నప్పుడు ఎంత వేగంతో ఉన్నాయని అడిగారు. మారింది ఒక్క మాటే. వారం తర్వాత, పగిలిన అద్దం ముక్కలు చూశారా అని అడిగితే, మొదటి యాభైలో ఏడుగురు చూశామన్నారు. రెండో యాభైలో పదహారుమంది చూశామన్నారు. సినిమాలో అద్దం ముక్కలు అసలు లేవు. ఎవరూ అబద్ధమాడలేదు. అడిగినవారి మాట చూసినవారి కంట్లోకి వెళ్ళి కూర్చుంది.

"వాడు ఎర్ర చొక్కాలోనే వచ్చాడు కదా." ఆ అద్దం ముక్క మేము వేసిందే.

ఇది బైబిల్లో లేని సంగతి కాదు. ఆదికాండము 37వ అధ్యాయం తీయండి. యోసేపు అన్నలు మేకపిల్ల రక్తంలో ముంచిన అంగీని తండ్రికి పంపించారు. నీ కొడుకు చచ్చిపోయాడని వాళ్ళు చెప్పలేదు. ఇది దొరికింది, నీ కుమారునిదో కాదో చూసుకో అన్నారు, అంతే. దుష్టమృగం తినేసిందన్న మాట యాకోబు నోటినుంచే వచ్చింది. ఎదుట పెట్టినది ఒక గుడ్డ. మిగతా కథంతా తండ్రి మనసే అల్లుకుంది. ఎన్నో ఏళ్ళు ఆ కథను నమ్మి ఏడ్చాడు. యాకోబు మంచి కళ్ళతోనే చూశాడు, మంచి మనసుతోనే ఏడ్చాడు. అయినా యోసేపు బతికే ఉన్నాడు.

ఇప్పుడు తీర్పు చెప్పేవారి సంగతికి రావాలి. ఎందుకంటే సాక్షి పొరబాటు సగమే. మిగతా సగం వినేవారిది.

అమెరికాలో నేరం చేశాడో లేదో తేల్చేది సాధారణంగా పన్నెండుమంది మామూలు మనుషుల జ్యూరీ. లాఫ్టస్‌గారే అలాంటి జ్యూరీలో కూర్చున్నామనుకుని తీర్పు చెప్పమని కొందరికి ఒక దోపిడీ హత్య కేసు ఇచ్చారు. కళ్ళారా చూసిన సాక్షి లేనప్పుడు నూటికి 18 మంది దోషి అన్నారు. దుకాణం గుమస్తా చూశానన్నాడని చేర్చగానే 72 మంది దోషి అన్నారు. మూడో గుంపుకు ఇంకో సంగతి కూడా చెప్పారు. ఆ గుమస్తాకు చూపు బాగా తక్కువ, ఆ సమయానికి కళ్ళజోడు కూడా లేదు, ఉన్నచోటి నుంచి మొహం కనబడే అవకాశమే లేదు అని. అయినా 68 మంది దోషి అన్నారు! తర్వాతి పరిశోధనల్లో అంకెలు ఇంత గట్టిగా రాని సందర్భాలూ ఉన్నాయి. కానీ మనందరి బలహీనత ఆ అంకెల్లో కనబడుతోంది. ఒక మనిషి "చూశాను" అని వేలు చూపిస్తే మన చెవులు మిగతావాటికి మూసుకుపోతాయి. ఆ వేలు వణకకపోతే ఇంకా గట్టిగా నమ్ముతాం. మొదటి రోజు, ఎవరూ మాట అందించకముందు సాక్షి ఎంత నిశ్చయంగా ఉన్నాడన్నది పనికొస్తుంది. కోర్టులో, నెలలు గడిచాక, పదిమందికి పదిసార్లు చెప్పాక వచ్చిన నిశ్చయం వేరు. అది తిరగగా తిరగగా అరిగి నున్నబడిన తిరగలి రాయి లాంటిది.

అమెరికాలో డీఎన్‌ఏ పరీక్ష వల్ల నిర్దోషులుగా తేలిన మొదటి 250 మంది కేసులను బ్రాండన్ గారెట్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు తీసి చూస్తే, 190 కేసుల్లో ప్రత్యక్ష సాక్షి పొరపాటు గుర్తింపు ఉంది. ఇందులో ఎక్కువమంది సాక్షులు దుర్మార్గులు కారు. మన ఎదురింటి సహోదరి లాంటివారే.

ఇక పన్నెండుమంది కూర్చున్నాక ఏం జరుగుతుంది? షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన కాల్వెన్, జైసెల్ అనే ఇద్దరు 1966లో జ్యూరీల మీద పెద్ద పుస్తకం రాశారు. మొదటి ఓటులో ఎక్కువమంది ఎటు ఉన్నారో, పది కేసుల్లో దాదాపు తొమ్మిదింటిలో చివరి తీర్పు కూడా అటే పోయిందని వారు కనుగొన్నారు. అంటే గంటల తరబడి జరిగే చర్చలో చాలాసార్లు నిజం తేలడం లేదు, మిగిలినవారు కలిసిపోతున్నారు. సాలమన్ ఆష్ అనే ఆయన 1951లో ఇంకా చిన్న పరీక్షతో ఇది చూపించారు. కాగితం మీద గీతల పొడవు పోల్చాలి, చిన్నపిల్లలు కూడా చెప్పగలరు. గదిలో మిగతావారంతా ముందే మాట్లాడుకుని తప్పు చెబుతుంటే, మూడో వంతు సార్లు ఆ ఒంటరి మనిషి కూడా కళ్ళెదుట ఉన్నదాన్ని వదిలేసి తప్పు చెప్పాడు. కానీ ఆ గదిలో ఒక్కరు సరైన మాట చెబితే చాలు, ఆ తప్పు చాలావరకు తగ్గిపోయింది. ఒక్క తోడు కావాలి, అంతే.

ఇది విన్న రాత్రి మాకు నిద్ర పట్టలేదు. పెద్దాయన తన మనవడి సంగతి చెప్పినప్పుడు, "తాతగారు చెప్పింది ఆలోచించాలి" అని మేము ఒక్క మాట అని ఉంటే ఆయన చెయ్యి లేచేది కాదు. బహుశా ఇంకో చెయ్యి కూడా లేచేది కాదు. నిర్గమకాండము 23:2 లో గుంపుతో కలిసి కీడుకు పోవద్దని, న్యాయం తప్పేలా జనసమూహం వైపు ఒరిగి సాక్ష్యం పలకవద్దని దేవుడు ఆజ్ఞాపించాడు. ఆ వాక్యం మీద మేము ప్రసంగించి ఉన్నాం. పెద్దాయన ఆ వాక్యం పాటించబోయాడు. మేమే గుంపయ్యాం.

మన దేశంలో ఇప్పుడు నేర విచారణలో జ్యూరీ లేదు. ఒకప్పుడు ఉండేది. 1959లో బొంబాయిలో నానావతి కేసులో తొమ్మిదిమంది జ్యూరీలో ఎనిమిదిమంది నిర్దోషి అంటే, ఆ తీర్పు సరికాదని జడ్జిగారు హైకోర్టుకు పంపారు. హైకోర్టు దోషి అంది. 1973 నేర విచారణ స్మృతిలో జ్యూరీకి చోటు లేకుండా పోయింది. అయితే ఏం? ప్రతి ఊరి రచ్చబండ ఒక జ్యూరీయే. ప్రతి సంఘ కమిటీ ఒక జ్యూరీయే. వియ్యాలవారి మధ్య పంచాయితీ ఒక జ్యూరీయే. మన జ్యూరీలకు పై కోర్టు లేదు, నిందితుడి తరఫు వకీలు లేడు. అందుకే మనకు ఇంకా భయం ఉండాలి.

దేవుడు ఆ భయం ఎప్పుడో నేర్పాడు. ద్వితీయోపదేశకాండము 19:15 లో ఒకే సాక్షి మాట మీద ఎవరి నేరమూ స్థిరపరచవద్దు, ఇద్దరు ముగ్గురు కావాలి అన్నాడు. 18వ వచనంలో న్యాయాధిపతులు బాగుగా విచారించాలి అన్నాడు. సామెతలు 18:17 లో మొదట మాట్లాడినవాడి పక్షమే న్యాయంగా తోస్తుందని, ఎదుటివాడు వచ్చి ప్రశ్నించాక అసలు సంగతి తెలుస్తుందని జ్ఞాని హెచ్చరించాడు. ఇవన్నీ మాకు కంఠతా వచ్చు. పెద్ద మీద నేరం మోపితే ఇద్దరు ముగ్గురు సాక్షులు లేనిదే అంగీకరించవద్దని 1 తిమోతి 5:19 లో ఉంది. నేరం మా మీదికే వచ్చి ఉంటే ఆ వాక్యం మేము బల్ల గుద్ది చూపించేవాళ్ళం. ట్రాక్టరు కూలీ మీద వచ్చేసరికి ఒక్క సాక్షి చాలిపోయింది.

కానీ మమ్మల్ని అన్నింటికన్నా పట్టుకున్న వాక్యభాగం మార్కు సువార్త 8వ అధ్యాయంలోనిది. బేత్సయిదాలో ప్రభువు గుడ్డివాని కళ్ళ మీద చేతులుంచి, ఏమైనా కనబడుతోందా అని అడిగాడు. ప్రభువు అడిగిన తీరు చూడండి. మనుషులు కనబడుతున్నారు కదా అని అడగలేదు. నేను బాగుచేశాను కదా అని మాట అందించలేదు. ఆ మనిషి జవాబు ఇంకా అందమైనది. మనుషులు చెట్లలాగా నడుస్తున్నట్టు కనబడుతున్నారన్నాడు. బాగుచేసిన దేవుని కుమారుడు ఎదుట నిలబడి ఉన్నా, ఆయన్ని సంతోషపెట్టడానికి ఉన్నదానికన్నా ఎక్కువ చెప్పలేదు. మసకను మసక అన్నాడు. ప్రభువు కోపపడలేదు. మళ్ళీ చేతులుంచాడు.

మా ఎదురింటి సహోదరి మొదటి రోజు పొద్దున సరిగ్గా ఆ గుడ్డివానిలాగే సాక్ష్యం చెప్పింది. ఎవరో కుర్రాడు, మొహం సరిగా తెలియలేదు అంది. ఆ మసకతో మేము తృప్తిపడలేదు. ఆమెను తొందరపెట్టి మసకలోంచి ఒక మొహం తీయించాం.

సంగతి తెలిసిన నెలలోనే హైదరాబాదు వెళ్ళాం. తల్లి కూడా మాతో వచ్చింది. అతను పనిచేసే చోట అపార్టుమెంటు అయిదో అంతస్తు కడుతున్నారు. దిగి వచ్చి, చేతుల సిమెంటు కడుక్కుని, రోడ్డు పక్క బండి దగ్గర మాకు టీ ఇప్పించాడు. తప్పు ఒప్పుకున్నాం. కాళ్ళు పట్టుకోబోతే పట్టుకోనివ్వలేదు. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "మీరు నన్ను అడిగారు అయ్యగారూ. నేను చెప్పాను కూడా. మీరు అప్పటికే వినడం అయిపోయింది" అన్నాడు. టీ డబ్బులు అతనే ఇచ్చాడు.

జెనిఫర్ థాంప్సన్, రోనాల్డ్ కాటన్ 1997లో ఒక చర్చిలో కలుసుకున్నారు. ఆమె క్షమాపణ అడిగింది, అతను క్షమించాడు. తర్వాత ఇద్దరూ స్నేహితులయ్యారు, కలిసి ఆ పుస్తకం రాశారు, కలిసి ఊరూరా తిరిగి మాట్లాడారు. 2007లో వారి రాష్ట్రం నిందితుల గుర్తింపు ఎలా జరపాలో చట్టం చేసింది. వరుస చూపించే అధికారికి నిందితుడెవరో తెలియకూడదు. నేరస్థుడు అసలు ఈ వరుసలో లేకపోవచ్చునని సాక్షికి ముందే చెప్పాలి. ఎంత నిశ్చయమో సాక్షి మాటల్లోనే అప్పటికప్పుడు రాసుకోవాలి.

మా కథ అంత దూరం రాలేదు. ఆ తమ్ముడు ఇప్పటికీ మా మందిరానికి రాలేదు. అక్కడే పెళ్ళి చేసుకున్నాడు, కూతురు పుట్టింది. క్రిస్మస్‌కు తల్లిని చూడటానికి వస్తాడు, మేము ఎదురైతే నమస్కారం పెడతాడు. క్షమించాడా అని మేము అడగలేదు. అడిగే హక్కు మాకు లేదు. ఆదివారం సంఘమంతటి ఎదుట మా తప్పు ఒప్పుకున్నాం. మినిట్స్ పుస్తకంలో ఆ పేజీ చింపలేదు. "ఏకగ్రీవంగా" అన్న మాట కింద, ఇది తప్పు తీర్పు అని రాసి అందరం సంతకాలు పెట్టాం. మొదటి సంతకం పెద్దాయన చేత పెట్టించాం. అది ఆయన ఆఖరి కమిటీ.

అప్పటినుండి మా సంఘంలో నాలుగు పనులు చేస్తున్నాం. మీకు ఉపయోగపడతాయేమో చూడండి. ఎవరైనా ఏదైనా చూశామంటే, ఆ మొదటి మాట మొదటి గంటలోనే వారి మాటల్లోనే రాసుకుంటాం. పేరు మేము అందించం, "ఏం చూశావమ్మా?" అని మాత్రమే అడుగుతాం. నింద పడినవారు ఎక్కడ ఉన్నామన్నారో అక్కడికి మనిషిని పంపి విచారిస్తాం, రెండు మైళ్ళయినా ఇరవై మైళ్ళయినా. చేతులెత్తడం మానేశాం, చీటీలు రాసి వేస్తాం. ఒక్క చీటీ వేరుగా వచ్చినా ఆ రోజుకు లేచిపోతాం, వారం ప్రార్థన చేసి మళ్ళీ కూర్చుంటాం. దొంగలు కొందరు తప్పించుకుంటారని ఒక పెద్ద అన్నారు. తప్పించుకోవచ్చు. దేవుని కన్ను నుంచి తప్పించుకోలేరు. మన కన్ను దేవుని కన్ను కాదని ఒప్పుకోవడం కూడా ఆరాధనే.

ఎదురింటి సహోదరి ఒక ఏడాది సాక్ష్యాల కూటంలో నోరు విప్పలేదు. తర్వాత ఒక ఆదివారం లేచి నిలబడి, "నేను చూసింది చూశాననుకున్నాను, అది కాదు. అందరూ నాకోసం ప్రార్థన చేయండి" అంది. మా పరిచర్యలో ఇన్నేళ్ళుగా ఎన్నో సాక్ష్యాలు విన్నాం. అంత నిజమైనది వినలేదు. ఆమె కూర్చున్నాక, వెనుక చాప మీదనుంచి ఆ తల్లి లేచి వచ్చి ఆమె పక్కన కూర్చుంది. ఏమీ మాట్లాడలేదు. పాట అందుకున్నాం.

ప్రార్థన చేద్దాం.

మా హృదయాలను ఎరిగిన తండ్రీ, మేము చూసినదానికన్నా ఎక్కువ చెప్పకుండా మా నాలుకను కాపాడు. విన్నదానికన్నా ముందే తీర్పు చెప్పకుండా మా చెవులను తెరువు. పదిమందిలో ఒక్కరు సందేహపడితే వారి పక్కన నిలిచే ధైర్యం మాకివ్వు. మా మాట వల్ల ఊరు విడిచిన బిడ్డలను వారున్న చోటనే ఆశీర్వదించు. మా కళ్ళ మీద ఇంకొకసారి నీ చేతులుంచు. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.